ఒక సైజు పెద్ద మోటరు

చేవెళ్లలో నాకు మోటర్ల వైండింగ్ దుకాణం ఉంది. కాలిపోయిన బోరు మోటర్లను విప్పి, రాగి తీగ చుట్టి, మళ్లీ బతికించి పంపడం నా పని, కొత్తవి కూడా అమ్ముతాను. ఈ చుట్టుపక్కల బోరు వేసిన ప్రతివాడూ పైపులు దింపే ముందు నా దగ్గరికొచ్చి, ఎన్ని హెచ్‌పీ పెట్టాలని అడుగుతాడు. అందరికీ నాది ఒకటే జవాబు. నువ్వు ఎంత అనుకుంటున్నావో దానికంటే ఒక సైజు పెద్దది పెట్టు. మూడనుకుంటే ఐదు, ఐదనుకుంటే ఏడున్నర. తక్కువ పెట్టి తల పట్టుకున్నవాణ్ని చూశాను గాని, ఎక్కువ పెట్టి ఏడ్చినవాణ్ని చూడలేదని కూడా చెప్పేవాణ్ని. చూడలేదనడం అబద్ధం. చూసి మొహం తిప్పుకున్నాను.

ఊరంతా వచ్చి నన్ను అడుగుతుంది, మా అన్న తప్ప. సొంత తమ్ముడికి మోటర్ల దుకాణం ఉండి కూడా, మా అన్న ఏడేళ్లుగా ఆ గడప తొక్కలేదు. ఆయన నాకంటే నాలుగేళ్లు పెద్ద. చేవెళ్లకూ మొయినాబాద్‌కూ నడుమ మా పొలాలు పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో ఒక గట్టు. నేను నోరు మూసుకోలేని మనిషిని, ఆయన నోరు తెరవని మనిషి. నాకు కోపమొస్తే నాలుగిళ్లకు వినబడుతుంది. ఆయనకు కోపమొస్తే పక్కన కూర్చున్నవాడికి కూడా తెలియదు.

ఆ ఏడేళ్ల సంగతి చెప్పాలంటే ముందు పడవ సంగతి చెప్పాలి. అవును, పడవే. చేవెళ్ల మోటరు మేస్త్రీకి పడవేమిటని మీరూ నవ్వుకోండి, ఊరు నవ్వి నవ్వి ఎప్పుడో అలిసిపోయింది. మొయినాబాద్ దగ్గర ఒక ఫాంహౌస్‌లో బోరు మోటరు కాలితే విప్పడానికి వెళ్లాను. మామిడి చెట్ల కింద ఇరవై అడుగుల పడవ బోర్లా కాకుండా, నిటారుగా, దర్జాగా ఇటుకల మీద కూర్చుని ఉంది. చిన్న గది, గదిలో రెండు పడకలు, కిటికీలకు కర్టెన్లు కూడా ఉన్నాయి. ఆ ఆసామి దాన్ని గండిపేట చెరువులో తిప్పుదామని ముచ్చటపడి కొన్నాడట. తాగే నీళ్లలో ఎవరు తిప్పనిస్తారు? కొన్న తర్వాత అడిగాడు, ముందు అడగలేదు. పడవలో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. తీసుకుపో, నా కళ్ల ముందు నుంచి తీసెయ్ అన్నాడు. సాయంత్రం అన్నకు చెబితే తనూ వచ్చి చూశాడు. చుట్టూ ఒకసారి తిరిగి, కోడిని అవతలికి తోలి, గదిలో కాసేపు కూర్చుని బయటికొచ్చి "తీస్కుందాం" అన్నాడు. మా అన్న నోటి వెంట అంత తొందరగా మాట రావడం నేను అదివరకు చూడలేదు.

దాన్ని ట్రాక్టరు ట్రాలీ మీద కట్టి సోమశిల తీసుకెళ్లాం. అక్కడ కృష్ణలో శ్రీశైలం వెనక నీళ్లు నిలుస్తాయి. కొండలు, మధ్యలో దీవులు, కంటికి ఆననంత నీళ్లు. ఒడ్డున ఒక ముసలి జాలరికి పడవను అప్పజెప్పాం. కాగితాలూ కట్టే తాళ్లూ అన్నీ ఆయనే చూసుకునేవాడు. వానలు పోయాక ఒకసారి, చలికాలంలో ఒకసారి అన్నా నేనూ వెళ్లి, పులిహోర డబ్బా పెట్టుకుని రెండు రోజులు తిరిగి వచ్చేవాళ్లం. వెనక తగిలించిన ఇంజను ఎనిమిది హెచ్‌పీ, పాతది. దాని చప్పుడుకు పక్క మనిషి అరిచినా వినబడేది కాదు.

పడవ తెచ్చిన మరుసటి ఎండాకాలం నా బోరు సన్నబడింది. అందులో ఐదు హెచ్‌పీ ఉండేది. నేను ఏడున్నర దగ్గర కూడా ఆగకుండా నేరుగా పది దింపాను. నాకేం, దుకాణం నాదే, పైపులు నావే. నీళ్లు దూకాయి. పది రోజులు తిరగకముందే గట్టవతల అన్న బోరు నీళ్లకు బదులు గాలి పోయడం మొదలుపెట్టింది. అప్పటికి అన్న గులాబీ తోట మంచి పూత మీద ఉంది. ఆయన ట్యాంకర్లతో నీళ్లు పోయించి చూశాడు, తోట నిలవలేదు. ఒకరోజు పొద్దున నేను వెళ్లేసరికి తోటంతా పీకి కుప్పలు వేసి ఉంది. నన్ను చూసి ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. అడిగినవాళ్లకు మాత్రం, కాలం బాగాలేదు, నీళ్లు కిందికి పోయినయ్ అని చెప్పాను. మోటర్ల మేస్త్రీ చెప్పాడు కదా, అందరూ నమ్మారు. మా అన్న నమ్మాడో లేదో తెలియదు, కానీ ఆ రోజు నుంచి నా దుకాణానికి రావడం మానేశాడు.

పెళ్లిళ్లలో ఎదురుపడితే "బాగున్నవా" వరకే మా మాటలు. పడవ ప్రయాణం మాత్రం ఆగలేదు. ఆపేద్దామని ముందు ఎవరు అంటారు? ఆయనా అనలేదు, నేనూ అనలేదు. పైగా పడవలో మాట్లాడుకోకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు, ఇంజను చప్పుడుంది కదా. ఏడాదిలో నాలుగు రోజులు మా అన్న పక్కన కూర్చునేది అక్కడే. ఆ నాలుగు రోజుల కోసం నేను మిగతా ఏడాదంతా ఎదురుచూసేవాణ్నంటే మీరు నమ్మరు. నా భార్యకు మాత్రం తెలుసు.

అట్లాంటిది పోయిన దసరాకు ముందు జాలరి ఫోన్ చేశాడు. ఇంజను పట్టేసిందట, లోపల లోహం ఉప్పులా రాలుతోందట, ఇక దానికి ఆయుష్షు లేదన్నాడు. అన్నకు ఫోన్ చేసి చెప్పాను. "ఇగ అమ్మేద్దాం తియ్" అన్నాడు.

పడవ పోతే మా ఇద్దరికీ కలిసి కూర్చునే చోటు లేదు. వద్దన్నాను, కొత్త ఇంజను నేను తెస్తాను, పైసా అడగను అన్నాను. పాతది ఎంతుండెనో అంతదే తెమ్మనీ, ఎక్కువ వద్దనీ చెప్పి ఫోన్ పెట్టేశాడు.

ఆ "ఎక్కువ వద్దు" నా గుండెలో ముల్లులా దిగింది. పది దింపిన సంగతే ఎత్తిపొడుస్తున్నాడనుకున్నాను. మోటర్ల గురించి నాకు చెప్పేవాడా? సిటీలో ఇంజన్ల షాపుకి వెళ్లాను. వాళ్లు పడవ కొలతలు అడిగి, మీకు ఆరు చాలు, గాలి భయముంటే ఎనిమిది పెట్టుకోండి అన్నారు. వీళ్లకేం తెలుసనుకున్నాను. నీళ్లలో బరువు లాగాలి, లోపల రెండు పడకలు, ఇద్దరు మనుషులు, అందులో ఒకడు నేను. పక్కనే పదిహేను ఉంది. దాని పక్కన ఇరవై. నేను ఇరవై వేయించుకొచ్చాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న రకం నేను, ఇప్పుడు ఒప్పుకుంటే పోయేదేముంది.

దుకాణం ముందర పెద్ద డ్రమ్ములో నీళ్లు పోసి ఇంజను తగిలించి స్టార్ట్ చేశాను. బోరు మోటరునైనా పంపే ముందు నీళ్లలో తిప్పి చూడటం మాకు అలవాటు. జనం మూగారు. నాలుగు ఊళ్లవాళ్లు, ఇది ఎన్ని అడుగుల నుంచి లాగుతుందని అడిగారు. ఇది లాగదు, తోస్తుందని చెప్పి హ్యాండిల్ తిప్పాను. డ్రమ్ములో ఉన్న నీళ్లలో సగం ఎగిరి ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్ల మీద పడ్డాయి. తడిసినవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. నా భార్య మాత్రం దుకాణం లోపలి నుంచి చూసి, ఇది పడవకా విమానానికా అని అడిగింది. తర్వాత మెల్లగా, "బావ ఎంత చెప్పిండు?" అంది. నేను స్పానర్లు సర్దుకుంటూ వినబడనట్టు నటించాను.

దసరా అయ్యాక అన్నను కారులో ఎక్కించుకుని బయలుదేరాను. షాబాద్ మీదుగా షాద్‌నగర్, అక్కడి నుంచి పెద్ద రోడ్డు. వెనక సీట్లో గోనెసంచి కప్పిన ఇంజనును అన్న ఒకసారి చూసి ముందుకు తిరిగాడు. షాద్‌నగర్‌లో మోటర్ల దుకాణాల వరస వస్తుంది. ఆ వరస రాగానే అన్న ఎప్పుడూ రోడ్డుకు అవతలి వైపు చూస్తాడు. ఎండ పడుతుందేమో అనుకునేవాణ్ని. ఆ రోజూ అట్లాగే చూశాడు.

ఒడ్డున గోనె తీస్తే ఇంజను మీద పెద్ద అక్షరాలతో ఇరవై అని ఉంది. అన్న చదివి పులిహోర డబ్బా అందుకున్నాడు. ఆ ఇంజను ఎక్కగానే పడవ వెనక వైపు నాలుగు వేళ్లు కిందికి దిగింది. ముసలి జాలరి గడ్డం గోక్కున్నాడు.

మొదట బాగానే ఉంది. పావు వంతు తిప్పితే పడవ సాఫీగా వెళ్లింది. సగం తిప్పితే జోరందుకుంది. అక్కడి నుంచి ఎంత తిప్పినా చప్పుడు పెరుగుతోంది గాని ఒడ్డున చెట్లు ముందు ఎట్లా వెనక్కి పోతున్నాయో అట్లాగే పోతున్నాయి. ఫోన్‌లో స్పీడు చూశాను. పాత ఎనిమిదితో గంటకు పది కిలోమీటర్లు పోయేది. ఇప్పుడు పదకొండు. ఇరవై గుర్రాలు కట్టి ఒక్క కిలోమీటరు! నాకు తిక్క రేగింది. హ్యాండిల్ చివరిదాకా తిప్పాను.

పడవ ముక్కు ఆకాశం వైపు లేచింది, వెనక భాగం కుంగింది. వెనక నుంచి నీళ్లు లోపలికి దూకాయి. పులిహోర డబ్బా, చాయ్ ఫ్లాస్కు కొట్టుకుపోయి మూలకు చేరాయి. పడవ వెనక మనిషి నడుమెత్తు అల లేచి పక్కకు పరిగెత్తింది. ఆ పక్కనే పుట్టి అనే గుండ్రటి బుట్ట పడవలో మొగుడూ పెళ్లాం వల తీసుకుంటున్నారు. అల తగిలి పుట్టి ఒక వైపుకు ఒరిగింది. ఆమె వల వదిలేసి రెండు చేతులతో అంచు పట్టుకుంది. పుట్టి బోర్లా పడలేదు, వాళ్ల అదృష్టం, నా అదృష్టం. వల మాత్రం జారి మునిగింది.

నేను ఇంజను ఆపాను. వాళ్లను సముదాయించి, వల వెతికి తీసి ఇచ్చాం. ఒడ్డు దగ్గరే కాబట్టి మా అన్న నడుము లోతు నీళ్లలో దిగి తీశాడు. తిరిగి పడవెక్కి, తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ అన్నాడు:

"ఎన్నడన్న పక్కోన్ని సూస్తవారా నువ్వు?"

ఏడేళ్లలో ఆయన నన్ను తప్పుపట్టిన మొదటి మాట అది. మళ్లీ నోరు తెరిచింది ఒడ్డుకు దించమనడానికే. దించాను. చెప్పులు చేతిలో పట్టుకుని బస్సు ఆగే చోటికి నడిచి వెళ్లిపోయాడు. నేను పిలిచాను, తిరిగి చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, అంత వయసొచ్చి ఒడ్డున కూర్చుని ఏడ్చాను, సిగ్గెందుకు చెప్పడానికి.

ముసలి జాలరి నేను కళ్లు తుడుచుకునేదాకా ఆగి, బీడీ ముట్టించి, పక్కన కూర్చున్నాడు. పడవ నడుస్తుంటే ముందొక అల, వెనకొక అల లేస్తాయనీ, ఆ రెండింటి నడుమ కూర్చుని పడవ పోతుందనీ చెప్పాడు. పడవ ఎంత పొడుగుంటే అంత నడక. అంతకు మించి తోస్తే అది తన అల మీదికి తానే ఎక్కాలి. ఇట్లాంటి బరువు పడవ ఎక్కలేదు, వెనక కుంగుతుంది. మరి నా ఇరవై ఎటు పోతున్నట్టని అడిగాను.

"నీళ్లకు గుంత వెట్టనీకె పోతున్నది. ఆ దెబ్బ నీకు తగలదు, పక్కోనికి తగుల్తది."

మరి ఎంత పెట్టాలన్నాను. జీవితంలో మొదటిసారి ఆ ప్రశ్న నేను ఇంకొకరిని అడగడం. ఎదురుగాలికి వెనక్కి రాకుండా ఉండేంత చాలన్నాడు. నాలుగైతే గాలి రోజున ఒడ్డు చేరవు, ఎనిమిదైతే చేరుతావు, ఆ పైన ఉన్నదంతా చప్పుడే అన్నాడు. సిటీలో వాళ్లూ, మా అన్నా చెప్పిందీ అదే. ముగ్గురు చెప్పిన మాట వినడానికి నాకు ఒక పుట్టి ఒరగాల్సి వచ్చింది.

ఒక్కణ్నే కారు నడుపుకుంటూ వచ్చాను. బోరుకు కూడా దాని ఊట దానికుంటుంది. బండ పగుళ్లలో నుంచి గంటకు ఎన్ని నీళ్లు వస్తాయో అన్నే వస్తాయి. పెద్ద మోటరు పెడితే ఊట పెరగదు, చుట్టుపక్కల బండలో ఉన్నది కూడా ఊడ్చుకొస్తుంది. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, నేను బతికేదే దాని మీద. తెలిసే దింపాను. అన్న బోరు ఎండుతుందని అనుకోలేదు గాని, ఎండితే ఎవరి వల్లనో ఆ రోజే తెలుసు. షాద్‌నగర్ దాటేసరికి చెప్పేయాలని గట్టిగా అనుకున్నాను. ఇల్లు చేరేసరికి ఆ గట్టితనం సగమైంది.

ఇరవైని వాపసు ఇచ్చి ఎనిమిది తెచ్చాను. షాపువాళ్లు నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు. దాన్ని నేరుగా అన్న ఇంటికి మోసుకెళ్లి, గద్దె మీద పెట్టి, నంబరు ఆయన వైపు తిప్పాను. వదిన చాయ్ తెచ్చింది. ఇంకొక్కసారి రమ్మన్నాను. ఈసారి కూడా బాగాలేకపోతే పడవను అమ్మేద్దాం, నేను అడ్డం రానన్నాను. అన్న నంబరును చూశాడు, వేలితో దాని మీద దుమ్ము తుడిచాడు, అప్పుడే కొన్న దాని మీద దుమ్మెక్కడిది. కార్తీకంలో వెళ్దామన్నాడు.

కొత్త ఎనిమిది ఎంత నెమ్మదైనదో నీళ్ల మీద గాని తెలియలేదు. పాతదానిలా రొద లేదు. కుట్టుమిషను చప్పుడంత ఉంది, అంతే. పడవ సమంగా కూర్చుంది, వెనక చిన్న నురగ. గంటకు పది కిలోమీటర్లు. పోయినసారి పుట్టిలో ఉన్న ఆ ఇద్దరూ మళ్లీ కనబడ్డారు, అన్న చెయ్యెత్తితే వాళ్లూ ఎత్తారు. అంతా బాగానే ఉంది, ఒక్కటే చిక్కు. ఇప్పుడు పక్క మనిషి గొంతు సవరించుకున్నా వినబడుతోంది. మాట్లాడకుండా ఉండటానికి నాకు ఇక సాకు లేదు.

దీవి పక్క నుంచి తిరుగుతుండగా చెప్పేశాను.

"అన్నా, నీ బోరు కాలం బాగలేక ఎండలేదు. నా పది తాగింది. నాకు ఆ దినమే ఎర్క."

అన్న నీళ్ల వైపు చూస్తున్నాడు. నేను తిట్లకు సిద్ధంగా ఉన్నాను. కొడితే పడటానికి కూడా సిద్ధంగా ఉన్నాను.

"నాకు గూడ ఎర్కే," అన్నాడు. "నేను సుత పదే కొన్నరా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"షాద్‌నగర్ల కొన్న. నీ దుకాణంల కొంటే నీకు తెలుస్తదని. పైపులోళ్లు రాక ఆగిన. నాలుగొద్దులు ముంగట నువ్వు దింపినవ్. గంతే తేడ."

ఆ మోటరు డబ్బా విప్పకుండా ఇప్పటికీ ఆయన కొట్టంలో గడ్డి మోపుల వెనక ఉందట. అది నా కంటబడుతుందని నన్ను కొట్టం వైపు రానివ్వలేదు. నా దుకాణానికి వస్తే నేను బోరు మాట ఎత్తుతాననీ, ఎత్తితే తను అబద్ధం చెప్పాల్సి వస్తుందనీ రాలేదట. మొన్న పుట్టి ఒరిగినప్పుడు తను నన్ను అడిగిన మాట సగం తన్ను తానే అడుక్కున్నాడట. బోరు సంగతి నిన్ను ఏ మొహంతో అడగాలని అన్నాడు. నాకు ముందు కోపమొచ్చింది, దాచను. ఏడేళ్లు నేను దొంగలా తిరిగితే ఈయన సన్యాసిలా మౌనం పట్టి కూర్చున్నాడు! అరిచేశాను. దీవి మీది కొంగలన్నీ లేచిపోయాయి. అన్న నన్ను ఆపలేదు. నా అరుపు అయ్యేదాకా ఉండి పులిహోర డబ్బా మూత తీసి నా వైపు జరిపాడు. నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు. మా అన్నకు వెనక రెండు పళ్లు పోయాయని నాకు అప్పుడే తెలిసింది.

తిన్నాక చేతులు నీళ్లలో ముంచి కడుక్కున్నాడు. రెండు వానకాలాలు బాగా కురిసి ఆయన బోరులోకి నీళ్లు వచ్చాయని ఊళ్లో అందరికీ తెలుసు, అయినా ఎందుకు మోటరు దింపడం లేదో ఎవరికీ తెలియదు. ఇప్పుడు నాకు తెలుసు. ఆయన దగ్గరున్నది ఆ పదే, అది దింపితే నా బోరు ఎండుతుంది. తువ్వాలుతో చేతులు తుడుచుకుని, ఊళ్లోవాళ్లందరూ దుకాణం ముందు నిలబడి అడిగినట్టే అడిగాడు.

"నా బోరుకు ఎంత పెట్టాలెరా?"

నాలుక చివరిదాకా వచ్చింది, ఒక సైజు పెద్దదని. మింగేశాను.

"ముందుగాల నా పది బయటికి తీయనియ్యన్నా. అటెన్క రెండు బోర్ల నీళ్లు కొలిచి చెప్త."